క్లబ్‌హౌస్‌లో కన్యాశుల్కం: పాత నాటకం చదివి ఇవాళ్టి సంగతులు మాట్లాడించడం ఎలా?

బెంగళూరులో మేం నాటకం చదివే సాయంత్రాలు పెడుతున్నామని తెలిసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: “మా అపార్ట్‌మెంట్‌లోనూ పెట్టాలనుకుంటున్నాం, ఎలా చేయాలి?” నలుగురికి నాలుగుసార్లు ఫోన్లో చెప్పేకన్నా ఒకసారి రాసి పెట్టడం నయం అనిపించింది. గురజాడ గొప్పతనం గురించి ఇందులో ఏమీ ఉండదు. అది మీకు తెలిసే ఉంటుంది. పాత నాటకంలో ఒక సీను చదివించి, విన్నవాళ్ళ చేత తమ చుట్టూ జరుగుతున్నదాని గురించి మాట్లాడించాలంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలో, అంతే.

వేషాలు, సెట్టింగు, లైట్లు ఏవీ అక్కర్లేదు. కుర్చీల్లో కూర్చుని చదివితే చాలు. పదిమంది చదివేవాళ్ళు, పాతికమంది వినేవాళ్ళు, మూడు వారాల తయారీ ఉంటే సరిపోతుంది.

## 1. సీను ఎంచుకోవడం

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. “వరకట్నం మీద ఒక ప్రోగ్రాం పెడదాం” అని మొదలుపెడతారు. అలా మొదలైంది ఉపన్యాసంగానే ముగుస్తుంది. సమస్య పేరు పక్కన పెట్టి, ముందు సీను వెతకండి. ఆ సీనులో ఏదో ఒకటి చేతులు మారుతూ ఉండాలి: డబ్బు, పిల్ల, మాట, కాగితం. బేరం కనిపిస్తే జనం వాళ్ళంతట వాళ్ళే పోల్చుకుంటారు.

నేను వాడే సీన్లు ఇవి:

- కన్యాశుల్కం రెండో అంకం, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో భోజనాలు. ఆయన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చే సంబంధం గురించి గొడవ. “తాంబూలాలు ఇచ్చేశాను, ఇక తన్నుకు చావండి” అనేది ఇక్కడే. పెళ్ళి నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందన్న చర్చకి దీన్ని మించింది లేదు.
- మొదటి అంకం, ట్యూషన్ మాస్టారు గిరీశం వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కింద దాక్కునే సీను. అప్పు చేసి గొప్పలు పోయేవాళ్ళ గురించి, ఇంగ్లీషు మాటలతో పెద్దమనిషిగా చెలామణీ అయ్యేవాళ్ళ గురించి.
- గిరీశం సుబ్బి అక్క బుచ్చమ్మకి, ఆవిడ వితంతువు, వితంతు వివాహం గురించి బోధించే చోట్లు. అతను చెప్పే మాటల్లో తప్పు లేదు. ఎందుకు చెబుతున్నాడన్నదే తప్పు. ఫోన్లో పరిచయమై నమ్మించేవాళ్ళ గురించి మాట్లాడాలంటే ఇది తీసుకోండి.
- వరవిక్రయంలో కమల కోర్టు సీను. కాళ్ళకూరి నారాయణరావు నాటకం. కట్నం పోసి మొగుణ్ణి కొనుక్కున్నాను కాబట్టి అతనే మా ఇంటికి రావాలని ఆ పిల్ల వాదిస్తుంది. కట్నం మీద ఇది సూటిగా తగిలే సీను.

మొదటిసారి చేస్తున్నవాళ్ళు భోజనాల సీనే తీసుకోండి. వరవిక్రయం రెండోసారికి ఉంచుకోవాలి. ఒకదాంట్లో పిల్లకి వెల కట్టి అమ్మితే, రెండోదాంట్లో పిల్లవాడికి వెల కట్టి అమ్ముతారు. ఈ వరుసలో విన్నవాళ్ళకి డబ్బు దిక్కు మార్చుకుందే తప్ప బేరం అలాగే ఉందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక సాయంత్రానికి ఒక్క సీనే, ఇరవై ఐదు నిమిషాలు మించకుండా. ఏడంకాల నాటకాన్ని గంటన్నరలోకి కుదించాలని ఒకసారి ప్రయత్నించాం. చివరికి మిగిలింది కథ మాత్రమే. కథ అందరికీ ముందే తెలుసు.

## 2. ప్రతి సిద్ధం చేయడం

కన్యాశుల్కానికి రెండు కూర్పులున్నాయి. 1897లో వచ్చిన మొదటిది ఐదంకాలు, 1909లో బాగా పెంచి రాసింది ఏడంకాలు. ఈరోజు అందరూ కన్యాశుల్కం అనేది ఈ రెండోదాన్నే. ఇద్దరు రెండు పుస్తకాల్లోంచి జిరాక్సులు తీసుకొస్తే రిహార్సల్లో గందరగోళం. ఒకే పుస్తకం నుంచి ఒకరే తీయాలి.

హక్కుల గొడవ ఉండదు. గురజాడ 1915లో, కాళ్ళకూరి 1927లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళకి హక్కులు తీరిపోతాయి. కానీ ఈమధ్య ఎవరైనా కుదించి రాసిన రంగస్థల ప్రతి వాడితే ఆ కుదింపు మీద వాళ్ళకి హక్కు ఉంటుంది, అడిగి తీసుకోవాలి.

ప్రతిలో చేయాల్సినవి:

☐ పద్నాలుగు పాయింట్ల అక్షరం, వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ. అరవై దాటినవాళ్ళు కళ్ళద్దాలు సర్దుకుంటూ చదివితే సీను నడక పోతుంది.
☐ ఎవరి మాటలు వాళ్ళకి హైలైటర్‌తో రంగు.
☐ రంగ సూచనలు చదవడానికి వేరే ఒక మనిషి. ఎవరు లేచారు, ఎవరు వెళ్ళారు అన్నది వినిపించకపోతే గొడవ సీను అర్థం కాదు.
☐ పది మాటల అర్థాల చీటీ: దావా, వకాల్తా, తాంబూలాలు, పూటకూళ్ళమ్మ, సాని, లౌక్యం లాంటివి. పది చాలు. నలభై ఇస్తే పరీక్ష పేపర్లా చూస్తారు.

మాటల్ని ఇవాళ్టి తెలుగులోకి మార్చకండి. “యూట్యూబ్”, “వీసా” అని ఇరికించి నవ్వించాలని మావాళ్ళు ఒకసారి సరదాపడ్డారు. నవ్వొచ్చింది నిజమే, కానీ తర్వాత చర్చలో ఎవరూ నోరు విప్పలేదు. పోలిక మేమే చెప్పేశాక వాళ్ళకి చెప్పడానికి ఏం మిగిలింది?

ఇక్కడి పిల్లల సంగతి ఒకటి. బెంగళూరులో పుట్టి పెరిగిన మన పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, లిపి దగ్గర ఆగిపోతారు. స్కూల్లో కన్నడం నేర్చుకున్నారు కాబట్టి అదే తెలుగు మాటల్ని కన్నడ లిపిలో ప్రింటు తీసి ఇవ్వండి. లిపి మార్చిపెట్టే సాధనాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒకసారి సరిచూసుకుంటే చాలు. బళేపేట, చిక్కపేట వైపు తరాలుగా ఉన్న పాత తెలుగు కుటుంబాల పెద్దవాళ్ళకి కూడా ఇదే పనికొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇవ్వకండి, “తాంబూలాలు” కాస్తా “తంబులలు” అవుతుంది.

## 3. ఎవరు చదవాలి

నటన వచ్చినవాళ్ళ కోసం వెతకొద్దు. గిరీశం పాత్రకి మాత్రం పెదవి విప్పకుండానే నవ్వించగలిగే మనిషి ఎవరో ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు, వాట్సాప్ గ్రూపు చూస్తే తెలిసిపోతుంది. 1955 సినిమా చూసినవాళ్ళు ఎన్టీఆర్‌ని అనుకరిస్తారు. మొదటి రిహార్సల్లోనే ఆపేయండి.

యాస విషయం. నాటకంలో ఉన్నది విజయనగరం వైపు మాట. మన గుంపులో అనంతపురం, చిత్తూరు, గుంటూరు, వరంగల్, కోలారు అందరూ ఉంటారు. ఎవరి నోటికొచ్చిన యాసలో వాళ్ళు చదవొచ్చు. రాని ఉత్తరాంధ్ర యాస తెచ్చుకుంటే అది వెక్కిరింతలా వినిపిస్తుంది.

అగ్నిహోత్రావధాన్లు పాత్రని మామూలు జీవితంలో నెమ్మదిగా ఉండే మనిషికి ఇవ్వడం నాకిష్టం. కోపిష్టి మనిషి చదివితే “ఆయన సంగతి అంతే” అని జనం తేల్చేస్తారు.

ఇక సుబ్బి. ఇక్కడ మాకు అనుకోకుండా ఒకటి జరిగింది. సుబ్బి పాత్ర తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయికి ఇచ్చాం. రిహార్సల్ రోజున ఆ పిల్ల ప్రతి మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు తిరగేసింది. హైలైటర్ మూత తీసి చేతిలోనే పట్టుకుని ఉంది. “అంకుల్, నా డైలాగు ఏ పేజీలో ఉంది?” అనడిగింది. మేం తీసుకున్న పేజీల్లో లేదు. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల పెళ్ళి గురించే కొట్టుకుంటున్నారు, ఆ పిల్లకి మాత్రం చదవడానికి ఒక్క ముక్క లేదు. పక్కన కూర్చున్న వాళ్ళమ్మ అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. “అయితే నేనెందుకు రావాలి?” అని ఆ అమ్మాయి అన్నప్పుడు ఆవిడ నవ్వు ఆపేసింది.

అప్పటి నుంచి సుబ్బిని చదివేవాళ్ళ వరుసలో కూర్చోబెడుతున్నాం. చేతిలో ప్రతి ఉంటుంది, మాటలుండవు. అదేమిటో ముందుగా ఎవరికీ చెప్పం.

## 4. హాలు, టైము

శనివారం సాయంత్రం పెట్టకండి. ఔటర్ రింగ్ రోడ్డు, సిల్క్ బోర్డు దాటి వచ్చేవాళ్ళు సగం సీను అయ్యాక దిగుతారు. ఆదివారం నాలుగింటికి మంచిది. జేపీ నగర్‌లో రంగశంకర అనే నాటకశాలలో ఆట మొదలయ్యాక లోపలికి రానివ్వరని ఊళ్ళో అందరికీ తెలుసు. మనం అంత కచ్చితంగా ఉండలేం గానీ, తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, ఆలస్యంగా వచ్చినవాళ్ళని సీను అయ్యాకే పంపండి.

☐ క్లబ్‌హౌస్ బుకింగ్: అసోసియేషన్‌కి “నాటక పఠనం, చర్చ” అని స్పష్టంగా రాసివ్వండి. కల్చరల్ ప్రోగ్రాం అని రాస్తే స్పీకర్లు, డీజే అనుకుంటారు.
☐ కుర్చీలు అర్ధచంద్రాకారంలో. స్టేజీ ఉన్నా ఎక్కొద్దు.
☐ మైకు రెండు. చదివేవాళ్ళకి ఒకటి, చర్చకి ఒకటి. నలభైమంది లోపైతే అసలు వద్దు.
☐ చిన్న చీటీలు, పెన్సిళ్ళు. పెన్నులు ఇస్తే తిరిగి రావు.
☐ తలుపు పక్కన ఒక కాగితం: మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112. దాని గురించి మైకులో చెప్పొద్దు, కనిపిస్తే చాలు.
☐ ముఖ్య అతిథి: వద్దు.

ఆ చివరిది నా అనుభవం. మా మొదటి కార్యక్రమానికి ఒక పెద్దాయన్ని పిలిచాం. యాభై నిమిషాలు మాట్లాడారు. శాలువా కప్పి, ఫోటోలు దిగేసరికి హాలు టైము అయిపోయింది. సీను మాత్రం చదివాం, సగం.

## 5. ఆ సాయంత్రం వరుస

1. 4:00 టీ. నాటకం గురించి ఎవరితోనూ మాట్లాడొద్దు.
2. 4:20 రెండు నిమిషాల పరిచయం. ఎవరెవరు, ఏ ఇల్లు, ఇప్పటిదాకా ఏమైంది. “ఈ నాటకం ఇవాళ్టికీ ఎంత అవసరమంటే...” అన్న మాట నోటికొస్తే మింగేయండి.
3. 4:25 సీను చదవడం. మీరు చదవకుండా జనాన్ని గమనించండి. ఎక్కడ నవ్వారో ప్రతి మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఈ గీతలే మీ చర్చకి ఆధారం.
4. 4:50 ఐదు నిమిషాలు నిశ్శబ్దం. చీటీ మీద ఒక్కటే రాయమనండి: “ఎక్కడ నవ్వొచ్చింది? ఎక్కడ నవ్వు ఆగింది?” పేరు రాయొద్దు.
5. 4:55 చీటీలు కలిపి, చదివి వినిపించడం.
6. 5:05 లెక్క చెప్పడం (కింద ఉంది).
7. 5:10 చర్చ, యాభై నిమిషాలు.
8. 6:00 ఆపేయడం. వేడిగా సాగుతున్నా సరే ఆపండి. మిగిలింది లిఫ్టు దగ్గర మాట్లాడుకుంటారు.

లెక్క గురించి. కన్యాశుల్కం మొదటి కూర్పు పీఠికలో గురజాడ కొన్ని అంకెలు ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం, అంటే పిల్లకి కట్టిన వెల, తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా తీయిస్తే 1034 తేలాయి. అందులో 99 మంది ఐదేళ్ళ పిల్లలు. 44 మంది నాలుగేళ్ళవాళ్ళు, 36 మంది మూడేళ్ళవాళ్ళు, ఆరుగురు రెండేళ్ళవాళ్ళు. ముగ్గురికి ఏడాది.

ఈ అంకెల్ని సీనుకి ముందు చెబితే జనం సీరియస్ మొహాలు పెట్టుకుని కూర్చుంటారు, నవ్వరు. నవ్వకపోతే నాటకం పని చేయనట్టే. నవ్వాక చెప్పండి. నెమ్మదిగా, వ్యాఖ్యానం లేకుండా, ఒక్కసారే. “ముగ్గురికి ఏడాది” దగ్గర ఆగి, చర్చలోకి వెళ్ళండి.

## 6. చర్చ నడపడం

అన్నిటికన్నా ఎక్కువ తయారీ కావాల్సింది ఇక్కడే. మేం మొదట్లో “ఇలాంటివి ఇప్పుడు కూడా జరుగుతున్నాయంటారా?” అని అడిగేవాళ్ళం. “ఆ రోజుల్లో అలా ఉండేదండీ, ఇప్పుడెక్కడ” అని ఒకరు, “ఊళ్ళల్లో ఉందేమో” అని ఇంకొకరు. రెండు నిమిషాల్లో చర్చ అయిపోయేది. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడిగితే కాదు అనే వస్తుంది. ఎవరు మాత్రం తమ ఇంట్లో ఉందని ఒప్పుకుంటారు?

ఇప్పుడు ఈ నాలుగే అడుగుతున్నాం, ఇదే వరుసలో:

(క) ఈ సీనులో డబ్బు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోంది? ముందు నాటకంలోనే వెతికించండి. కూతుళ్ళ మీద డబ్బు ఇంట్లోకి వస్తోంది. కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువుకీ, కోర్టు దావాలకీ బయటికి పోతోంది. ఇది కాగితం మీద బాణాలు గీసి చూపిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఒకసారి ఇది గీస్తుండగా వెనక నుంచి ఒకాయన “మా చెల్లెలి పొలం అమ్మి నన్ను ఇంజనీరింగ్ చదివించారు” అన్నారు. అడక్కుండానే అన్నారు.

(ఖ) మధ్యలో ఉన్నవాడికి ఏం ముడుతోంది? లుబ్ధావధాన్లు పెళ్ళిలో మధ్యవర్తి రామప్పంతులు లాంటివాళ్ళ గురించి. పెళ్ళిళ్ళ పేరయ్య, కన్సల్టెన్సీ, అడ్మిషన్ ఏజెంటు, ఇల్లు అద్దెకి చూపించే బ్రోకరు, ఇలా జాబితా దానంతటదే పెరుగుతుంది. నవ్వులు కూడా ఇక్కడే ఎక్కువ.

(గ) ఎవర్ని అడగలేదు? ఇప్పుడు సుబ్బి వైపు చూడండి. ఏమీ అనకండి. తాంబూలాల మాట ఈ ప్రశ్నకి కలపండి: “ఇచ్చేశాక” ఇక మాట్లాడకూడదన్నది మన ఇళ్ళల్లో ఏ మాటతో వస్తుంది? “మాట ఇచ్చేశాం”, “హాలు బుక్ చేసేశాం”, “కార్డులు కొట్టించేశాం”. ఇవి మా దగ్గర జనం చెప్పినవే.

(ఘ) వద్దన్నవాళ్ళు ఎంతవరకు వెళ్ళారు? సుబ్బి తల్లి వెంకమ్మ ఏడ్చి మొత్తుకుంటుంది. ఆవిడ తమ్ముడు కరటకశాస్త్రి ఇంకో దారి వెతుకుతాడు, శిష్యుడికి ఆడవేషం వేసి మోసంతో పెళ్ళి తప్పించాలని చూస్తాడు. అది సరైనదేనా? ఇక్కడ గుంపు రెండుగా చీలుతుంది. చీలనివ్వండి.

నడిపే మనిషికి రెండు నియమాలు. ఒకటి, ఎవరు మాట్లాడినా “నాటకంలో ఏ చోటు చూసి అలా అనిపించింది?” అని తిరిగి అడగడం. మాట గాలిలోకి పోకుండా పట్టేది అదే. రెండు, మీ అభిప్రాయం చెప్పకపోవడం. నాకు ఇప్పటికీ కష్టమే, నాలిక కొరుక్కుంటూ ఉంటాను.

చట్టాల ప్రస్తావన ఎవరైనా తెస్తారు. అంకెలు దగ్గర పెట్టుకోండి, వాదన పెరగదు: బాల్యవివాహాల మీద శారదా చట్టం 1929, ఇప్పుడు అమల్లో ఉన్న చట్టం 2006, వరకట్న నిషేధం 1961.

## 7. తరచూ జరిగే పొరపాట్లు

“అది వాళ్ళ కులం కథ” అని తేల్చేయడం. పాత నాటకాల్లో ఇది పెద్ద గుంట. కన్యాశుల్కంలో ఇళ్ళు ఎక్కువగా బ్రాహ్మణులవి. మిగతావాళ్ళు తీరిగ్గా నవ్వుతారు, ఆ ఇళ్ళవాళ్ళు ముడుచుకుపోతారు. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర మీద ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబితే 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సర్దుబాటు: చర్చలో కులం పేరు రాగానే మొదటి ప్రశ్నకి తిప్పండి, డబ్బు బాణాలకి. “మీ వైపు దీన్ని ఏమంటారు?” అని ఒక్కొక్కరినీ అడగండి. లాంఛనాలు, ఆడబిడ్డ కట్నం, పసుపు కుంకుమ, గిఫ్ట్... ఎవరి పేరు వాళ్ళు చెబుతారు.

ఒక్కరే మాట్లాడటం. సాధారణంగా రిటైరైన మగవాళ్ళు. చీటీలు ఇందుకే. “మీ చీటీ వచ్చింది సార్, ఇంకో నాలుగు చూద్దాం” అంటే ఎవరికీ కోపం రాదు.

సొంతింటి గుట్టు బయటపడటం. ఒక్కోసారి ఎవరికో దుఃఖం పొంగి, కోడలి గురించో అల్లుడి గురించో పేర్లతో సహా చెప్పేస్తారు. ముందే మూడు కట్టుబాట్లు చెప్పండి: వీడియో లేదు, పేర్లు లేవు, ఇక్కడ విన్నది గ్రూపులో పెట్టడం లేదు. అయినా ఎవరైనా చెబితే, అందరి ముందు సలహాలు మొదలుకానివ్వకండి. ఒక ఆడమనిషి వాళ్ళతో పాటు బయటికి వెళ్ళి కూర్చోవాలి. ఆ మనిషి ఎవరో ముందే అనుకుని ఉంచండి.

మధురవాణిని దాటేయడం. “పిల్లలున్నారు కదా” అని ఆవిడ సీన్లు కత్తిరిస్తారు. అప్పుడు నాటకంలో తెలివిగా ఆలోచించే మనిషే మాయమవుతుంది. పదమూడేళ్ళు దాటినవాళ్ళకి నిక్షేపంగా చదివి వినిపించవచ్చు.

గిరీశాన్ని హీరోని చేయడం. ఇది ఆపలేరు. నవ్వించేవాడి వైపు జనం వెళ్ళిపోతారు. చర్చలో ఒక్క ప్రశ్న వేయండి: “మీ అమ్మాయికి ట్యూషన్ చెప్పడానికి ఇతన్ని పెట్టుకుంటారా?”

## 8. మర్నాటి నుంచి

చీటీలు పారేయకండి. నవ్వు ఆగిందని ఎక్కువమంది రాసిన చోటు ఏదో చూసుకుంటే తర్వాతి సీను అక్కణ్ణుంచే దొరుకుతుంది. మా వాళ్ళలో ఎక్కువమంది కోర్టు ఖర్చుల దగ్గర ఆగారు. అందుకే తర్వాతిసారి వకీళ్ళ సీన్లు తీశాం. ఇళ్ళ రిజిస్ట్రేషన్, బిల్డర్ మీద కేసులు, ఆ గొడవంతా బయటికొచ్చింది.

వారం రోజుల్లో చేయాల్సినవి:

☐ చదివినవాళ్ళందరికీ ఫోన్. మెసేజ్ చాలదు.
☐ నెలన్నర తర్వాత ఒక ఆదివారం ఖాయం చేసి హాలు బుక్ చేయడం.
☐ చర్చ నడిపే మనిషిని మార్చడం. వరుసగా ఒక్కరే నడిపితే ఆయనే ముఖ్య అతిథి అయిపోతాడు.
☐ కన్నడ ఇరుగుపొరుగుని ఒకరిద్దర్ని పిలవడం. కన్నడ నాటక రచయిత కైలాసం నాటకాల్లో ఇంగ్లీషు కలిపి మాట్లాడే పాత్రలు వాళ్ళకి కొట్టినపిండి, గిరీశాన్ని ఇట్టే పట్టేస్తారు.
☐ పెన్సిళ్ళు లెక్కపెట్టుకోవడం. అవి కూడా తిరిగి రావు.

సుబ్బిగా కూర్చున్న ఆ అమ్మాయి తర్వాతిసారి తనే ప్రతి టైపు చేసి తెచ్చింది. ఈసారి పాత్ర ఏం కావాలమ్మా అని అడిగితే, “ఎక్కువ డైలాగులున్నది” అంది. మధురవాణి ఇచ్చాం.